జాంబియాలో నా ఇల్లు అద్దెకిచ్చాను

సువార్తక్కకు నీ తమ్ముడు యోహాను నమస్కరించి రాస్తున్నది.

దేవుని దయవల్ల ఇంకా నిలబడి తిరుగుతున్నాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఫోన్లో నీకు సగమే వినపడుతుంది కాబట్టి ఉత్తరమే నయం. నీ మనవరాలితో చదివించుకో.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. నీ మరదలు పోయాక పెద్దింట్లో ఒక్కడినే ఉండలేక వెనక రెండు గదుల్లోకి మారాను. దిగులు పడకు, బాగానే ఉన్నాను. ముందున్న ఇల్లు రాగి గనుల్లో పనిచేయడానికి వచ్చే విదేశీయులకు అద్దెకిస్తున్నాను. "పరాయి దేశంలో, అదీ పల్లెలో ఇల్లు కట్టినావా? గబ్బిలాలొస్తాయిలే అద్దెకి" అని బావ నవ్వాడు కదా. స్కాట్లండు దంపతులు ఉండి, వెళ్లేటప్పుడు ఏడ్చారని ఆయనకు చెప్పు.

పోయిన నెల మన ఆత్మకూరు వాళ్లే వచ్చారు, భార్యాభర్తలు. అతను గనిలో ఇంజనీరు. తెలుగు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇల్లంతా చూసి, వంటింట్లో నిలబడి అడిగాడు:

"ఇంతకీ మీరేమోళ్లు సార్?"

అక్కా, నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది సామాను నెత్తిన పెట్టుకుని ఆత్మకూరులో నాతో వీధి వీధీ తిరిగావు. ప్రతి గుమ్మంలోనూ ఇదే ప్రశ్న. మన కులం తెలియగానే, "మా బంధువులొస్తాండారు, ఇల్లు ఖాళీ లేదు" అనేవాళ్లు. చివరికి చర్చి వెనక కట్టెల కొట్టంలో పొయ్యి వెలిగించాం. ఖాళీ లేదనే ఆ మాట ఎవరికైనా తిరిగి అప్పజెప్పాలని అప్పటినుంచీ దాచుకున్నాను. ఓర్చుకోమనే పుస్తకాలు చాలా చదివాను. వాటిని రాసినవాళ్లెవరూ అద్దె ఇంటికోసం తిరిగినవాళ్లు కారు.

"వరికుంటపాడు పక్కన, ఊరికి ఎడంగా ఉండే పేట మాది నాయనా" అన్నాను.

అతని మొహం మారింది. "ఆలోచించి చెప్తాం సార్" అన్నాడు. ఇల్లు ఖాళీ లేదనే మాట నా నాలుక చివరికి వచ్చింది. అంతలో అతని భార్య అందుకుంది.

"ఏంది ఆలోచించేది? కంపెనీ క్వార్టర్సులో కిటికీ తీస్తే గోడ. ఈడ కరేపాకు చెట్టు కూడా ఉండాది. ఆయన అడిగినాడా మనమేమోళ్లమని? సముద్రం దాటొచ్చినా పోలేదే నీకీ తెగులు." నా వైపు తిరిగింది. "పెద్దాయనా, ఈ ఇల్లు మాకిస్తారా?"

దాచుకున్న మాట మింగేశాను. "నీకిస్తాను తల్లీ" అన్నాను.

అద్దె కాగితం ఆ అమ్మాయి పేరునే రాయించాను. అతని చేత సాక్షి సంతకం పెట్టించాను. "ఎక్కడ పెట్టాల సార్?" అన్నాడు. "అందరికంటే కింద" అన్నాను.

ఎవరైనా ఇటు వస్తుంటే ఉదయగిరి చెక్క గరిటెలు నాలుగు పంపు, ఆ అమ్మాయి అడిగింది. బావకూ, సంఘంలో పెద్దలకూ నా వందనాలు. పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో నన్ను మరవకు. అమ్మ తర్వాత నన్ను దీవించే చెయ్యి నీదే.

నీ తమ్ముడు
యోహాను,
ఇంటి ఓనరు