ఆరుగురు మోసిన రాయి

ఆదివారం, జూన్ 30, 2024. దుబాయ్, అల్ వర్సాన్. పొద్దున్నుంచీ దుమ్ము గాలి, చెమట ఆరనివ్వని ఉక్క. ఏసీ ఫిల్టర్ విప్పి కడిగి, మెట్ల కమ్మీల మీద ఆరబెట్టాను.

గంగాధర్ అన్నా, నమస్తే. నువ్వు వెళ్లిపోయి ఆరు నెలలు కావస్తోంది. రోజువారీ ఖర్చులు రాసుకునే పుస్తకంలోనే నీకు రాస్తున్నాను. వేరే కాగితం తీసుకుంటే నాకు మాట రాదు... నీకు తెలుసు కదా.

మంచి కబురు ఉంది. కానీ వరుసగా చెప్తాను. నాకు అలా చెప్పడమే వచ్చు.

మన మార్బుల్ గోడౌన్ వెనక విరిగిన ముక్కల గుట్ట దగ్గర కూర్చుని, రాళ్ల మీద గుర్తులు పెట్టే పసుపు పెన్సిల్‌తో నాకు పాఠాలు చెప్పేవాడివి. కరోనాలో మీ ప్రైవేటు బడి మూతపడి నువ్విక్కడ రాళ్లు మోయడానికి వచ్చినా, నీలోని సైన్సు సారు మాత్రం ఖాళీగా కూర్చోలేదు. ఏడో తరగతితో ఆపేసి, ఆ తర్వాత దొరికిందల్లా సొంతంగా చదువుకున్న నేను దొరికాను నీకు.

ఒకరోజు తెల్లటి ముక్క మీద ఆరు మూలల బొమ్మ గీశావు. బెంజీన్ అన్నావు. మూడు వైపులా రెండేసి గీతలు, మూడు వైపులా ఒక్కొక్కటి. పక్కన ఇంకో బొమ్మ. ఈసారి జంట గీతలు మిగతా మూడు వైపులకు జరిగాయి. మధ్యలో రెండు వైపులా మొనలున్న బాణం. దీన్ని రెజొనెన్స్ అంటారన్నావు.

ఎప్పుడు ఇలా ఉంటుంది, ఎప్పుడు అలా ఉంటుంది అని అడిగాను. అప్పట్లో నా మంచం మీద పగలు బీహార్ అతను పడుకునేవాడు, రాత్రి నేను. ఇదీ అలాగే కదా అన్నాను. ఎంత నవ్వావో...

"అరే నర్సయ్యా, అది మంచం గాదురా, షిఫ్టు డ్యూటీ గాదు. అది ఎప్పటికీ ఒక్కతీరుగనే ఉంటది. మనకే ఒక్క బొమ్మల గీసుడు చాతగాక రెండు గీస్తున్నం."

నేను తల ఊపాను.

"తల ఊగింది గని, లోపలికి పోలే" అన్నావు.

నిజమే అన్నా. పోలేదు.

జనవరిలో నిద్రలోనే నీ గుండె ఆగింది. నిన్ను పెట్టెలో ఇంటికి పంపించి వచ్చాక, ఆ రాతి ముక్కను పారేయలేక మంచం కింద పెట్టుకున్నాను.

నీ కూతురు శ్రావణికి ఇంటర్ మొదటి సంవత్సరంలో అన్నీ పోయినా కెమిస్ట్రీ మాత్రం పోదని అనేవాడివి. ఆదివారం ఆదివారం ఫోన్లో నువ్వే చెప్పేవాడివి కదా. నువ్వు పోయాక ఆ ఒక్క పుస్తకమే తెరవలేదట. పరీక్షల్లో ఆ ఒక్కటే తప్పింది. ఇక కాలేజీకి పోను, అమ్మతో బీడీలు చుడతానంది. చాట, కత్తెర కూడా తెచ్చిపెట్టుకుంది.

వదిన నాకు ఫోన్ చేసి, నువ్వన్నా ఒక మాట చెప్పు మరిదీ అంది. నేనేం చెప్పగలను? ఏ పాఠం దగ్గర ఆగిపోయావు బిడ్డా అని మాత్రం అడిగాను.

రెజొనెన్స్ దగ్గర, అంది. సగం చెప్పి, మిగతాది వచ్చే ఆదివారం చెప్తానన్నావట... ఆ ఆదివారం రాలేదు కదా అన్నా.

తెలియకపోయినా నోరు తెరిచాను. నా మంచం కథే చెప్పాను. ఆ పిల్ల ఊరుకుంటుందా? మరి బీహార్ అతను లేచి నువ్వు ఇంకా పడుకోక ముందు మంచం ఖాళీగా ఉంటుందా కాకా అని అడిగింది. పైగా ఆరు బంధాలూ ఒకే పొడవని పుస్తకంలో ఉందట. నీ నవ్వు గుర్తొచ్చింది. వచ్చే ఆదివారం చెప్తానన్నాను. నీ మాటే నా నోట్లోంచి వచ్చింది.

ఆ వారం ఒక విల్లాకు గుండ్రటి డైనింగ్ టేబుల్ పలక వెళ్లాలి. ఒకే రాయి. లోపలి గేటులో ఫోర్క్‌లిఫ్ట్ పట్టలేదు. చుట్టూ ఆరుగురం నిలబడ్డాం. ఫోర్‌మన్ ఖాన్ భాయ్ యల్లా, పదండి అనగానే లేపాం.

నాలుగడుగులు వేశామో లేదో, నాకు తట్టింది. ఇప్పుడు బరువు ఎవరి మీద ఉంది?

ముగ్గురు గట్టిగా పట్టి, ముగ్గురు ఊరికే చెయ్యి ఆనిస్తే రాయి ఒరిగి పగులుతుంది. కాసేపు వాళ్లు, కాసేపు వీళ్లు అని వంతులు వేసుకున్నా పగులుతుంది. ఏ క్షణం చూసినా ఆరుగురి మీదా సమానంగా ఉంది. అందుకే అంత నిలకడగా పోతోంది. ముగ్గురే మోస్తున్నట్టు ఎవరైనా ఒక బొమ్మ, మిగతా ముగ్గురు మోస్తున్నట్టు ఇంకో బొమ్మ గీస్తే... రెండూ మా బొమ్మలు కావు. వాటి మధ్య బాణం పెట్టినా మేం ఇటూ అటూ మారడం లేదు. ఒక్కతీరుగానే ఉన్నాం!

రాయి మోస్తూ నవ్వాను. ఖాన్ భాయ్ తిట్టాడు, పిచ్చి పట్టిందా, ముందు రాయి దించు అని. దించి, గోడౌన్‌కు తిరిగొచ్చాక నేరుగా గుట్ట దగ్గరికి పోయి, ఆరు మూలల బొమ్మ గీసి, జంట గీతలు పెట్టకుండా మధ్యలో ఒక సున్నా చుట్టాను. పుస్తకాల్లో అలాగే చుడతారని నువ్వు ఒకసారి అన్నావు, ఎందుకో అప్పుడు తెలిసింది.

ఆదివారం శ్రావణికి ఆ రాయి కథ చెప్పాను. పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత తనే అంది... అందుకేనా కాకా, బ్రోమిన్ వచ్చినా బెంజీన్ అంత తేలిగ్గా లొంగదు? ఒకరి చెయ్యి వదిలించాలంటే ఆరుగురి పట్టూ చెడాలి కదా, అని.

బ్రోమిన్ సంగతి నాకేం తెలుసు? అక్కడి నుంచి తనే ముందు నడిచింది అన్నా. వారం వారం తను చదివి చెప్పేది, నేను మొద్దు ప్రశ్నలు అడిగేవాణ్ని.

సప్లిమెంటరీ రాసింది. పాస్ అయింది అన్నా! మంచి మార్కులతో. రూమంతా వినేలా నేను అరిచానంటే నమ్ముతావా? కడప సలీం భాయ్ ఉన్నపళంగా సేమియా పాయసం కాచాడు. ప్రతి ఆదివారం నా ఫోన్లో బెంజీన్ మాట వినే ఒకడు, ఆ బెంజీన్ ఎవరి కూతురని అడిగితే, మా గంగాధర్ అన్న కూతురని చెప్పాను.

చాట వదిన చేతికే వెళ్లిపోయింది. రెండో సంవత్సరం క్లాసులు మొదలయ్యాయి. ఒక స్నేహితురాలికి ఈ పాఠం అర్థం కాకపోతే శ్రావణి బోర్డు దగ్గరికి తీసుకుపోయి చెప్పిందట. ఏం చెప్పావు బిడ్డా అని అడిగాను.

"మనకే ఒక్క బొమ్మల గీసుడు చాతగాక రెండు గీస్తున్నం."

నీ మాటే. నీ గొంతులాగే ఉంది.

ఇకమీద ప్రతి ఆదివారం ఫోన్ దగ్గర నేనుంటాను అన్నా. ఆమె ఆగేదాకా నేను ఆపను. రెండో సంవత్సరం పుస్తకం నా కోసం కూడా ఒకటి తెప్పించుకున్నాను.

ఇవాళ్టి లెక్క ఇంకా రాయలేదు. ఉల్లిగడ్డలు, పాల డబ్బా, ఫోన్ రీఛార్జ్... ఫిల్టర్ ఆరినట్టుంది, పోయి బిగించి

శ్రావణి ఫోన్ వస్తోంది, అన్నా