ఐసు అరలో పెట్టిన మందు

3 నవంబరు 1969, సోమవారం
మా డిస్పెన్సరీకి బొంబాయి నుంచి ఫ్లూ వ్యాక్సిన్ వచ్చింది. పది సీసాలు, నూరు మందికి. పోయిన ఏడాది ఫ్లూకి ఇనుము పోతపోసే మా ఫౌండ్రీ పదకొండు రోజులు ఆగిపోయింది. మేనేజర్‌గారు అది ఇంకా మరిచిపోలేదు. ఫర్నేస్ కొలిమి దగ్గర పనిచేసేవాళ్లకే ముందు వెయ్యమన్నారు.

సీసాలు క్యాంటీన్ ఫ్రిజ్‌లో, పైన ఐసు అరలో పెట్టాను. కాంపౌండర్‌గా పదేళ్లు మశూచి టీకాలు వేసినవాణ్ణి. మందు ఎంత చల్లగా ఉంచాలో నాకొకరు చెప్పాలా?

6 నవంబరు
గడ్డకట్టిన మందును గోరువెచ్చని నీళ్లలో కరిగించి ఎనభై తొమ్మిది మందికి వేశాను. తొమ్మిదో సీసాలో ఒక డోసు, తెరవని సీసా ఒకటి మిగిలాయి. చివర్లో క్యాంటీన్‌లో టీ పోసే ముత్యమ్మ వచ్చింది. పక్కూరు లక్డారం నుంచి రోజుకూలీకి వస్తుంది, లిస్టులో పేరు లేదు. అహరోను సారూ, జెర నాకు గూడ ఎయ్యుండ్రి, ఇంట్ల పిల్లకు నేనొక్కదాన్నే దిక్కు అని వెంటపడింది. వేశాను. దండం పెట్టింది. నామీద నాకే గొప్పగా అనిపించింది.

7 నవంబరు
డబ్బా అడుగున ఇంగ్లిషు కాగితం దొరికింది. గడ్డకట్టనివ్వరాదు, గడ్డకడితే పారేయాలి అని ఉంది. మూడుసార్లు చదివాను.

మశూచి మందు గడ్డకట్టినా ఏమీ కాదు. ఇది ఆ మందు కాదు.

8 నవంబరు, ఉదయం 10
చెప్పేద్దామని మేనేజర్‌గారి దగ్గరికి వెళ్లాను. ఆయనే ముందు మొదలుపెట్టారు. ఈ ఏడాది ఫౌండ్రీ ఒక్కరోజు కూడా ఆగదని హెడ్డాఫీసుకు రాశారట. సూది పడినవాళ్లకు జ్వరం లీవు ఇవ్వరట. నాకు ప్రమోషన్ అడిగారట.

థాంక్యూ సార్ అన్నాను. సిగ్గులేని మనిషిని.

14 నవంబరు
ఎవరికీ ఏమీ కాలేదు. మందు పాడవలేదేమో.

19 నవంబరు
లక్డారంలో ఇంటింటా జ్వరాలు. ముత్యమ్మ పని దిగాక ఆ ఇళ్లకే పోయి గంజి తాగిస్తోందట. టీ ఇస్తూ తనే చెప్పింది. నాకు సూది ఏసిన్రు గద సారూ, నాకేం గాదు, సూది లేనోళ్లను నేను సూడకుంటే ఎవలు సూస్తరు అంది.

మాట నోటిదాకా వచ్చింది. పక్కన ఫోర్మన్ ఉన్నాడు. టీ తాగేశాను.

22 నవంబరు
ఫర్నేస్ దగ్గర ఏడుగురు రాలేదు.

24 నవంబరు
ఇవాళ ముప్పై మంది. ఫర్నేస్ ఆర్పేశారు. సూదులు వేసినా ఇదేంటని మేనేజర్‌గారు అడిగారు. కొత్త రకం ఫ్లూ అయ్యుంటుందన్నాను. నమ్మారు.

ముత్యమ్మ కూడా రాలేదు.

25 నవంబరు
లక్డారం వెళ్లాను. ముత్యమ్మకు ఊపిరి అందడం లేదు, పెదాలు నల్లబడ్డాయి. జీపు తెస్తాను, ఆస్పత్రికి పోదామన్నాను. ఆస్పత్రి ఏంది సారూ, సూది పడ్డ పానం, జరం రేపటికి దిగుతది, మీరు పరేషాన్ గాకుండ్రి అని నన్నే ఓదార్చింది. అప్పుడైనా చెప్పలేదు. జీపు కోసం వచ్చాను. డ్రైవర్‌కీ జ్వరమే.

27 నవంబరు
ముత్యమ్మ కూతురు బక్కమ్మ డిస్పెన్సరీకి వచ్చింది. తల్లిని నిన్న మట్టి చేశారట. పిల్ల దగ్గుతోంది. అమ్మకేసిన సూదే నాకు గూడ ఎయ్యి సారూ అని చెయ్యి చాపి నిలబడింది.

ఒక సీసా ఉంది.