నిద్రలో ఊపిరి

దిబ్బూరహళ్ళి,
ఆదివారం

అమ్మా హేమావతీ,

ఈ కాగితం నువ్వొక్కదానివే చదువు. ఫోన్‌లో చెబుదామని చూశాను, నోరు పెగల్లేదు.

పోయిన నెల నువ్వు మా వసారాలో కూర్చుని ఫోన్‌లో మీ నర్సులకిచ్చే తరబేతి పాఠం చూశావే, మగవాళ్ళతో ఉండే మగవాళ్ళు, ఆడవాళ్ళతో ఉండే ఆడవాళ్ళు, మగపుట్టుక పుట్టి ఆడదై బతికేవాళ్ళు ఆస్పత్రికొస్తే ఎట్లా మాట్లాడాలో చెప్పిన ఆ క్లాసు, అదంతా నేను పట్టుపురుగులకు ఆకు వేస్తూ విన్నాను. మంచి మాటలే చెప్పారు. అది కాగానే నువ్వు, "చిన్నాయనా, నంజప్ప మామ నీకేమవుతాడు? చెప్పు, తప్పేం లేదు" అన్నావు. నీ మనసు మంచిదే. పక్కింటి చౌడమ్మ మజ్జిగకని వచ్చి గడపలో నిలబడింది, నువ్వు చూడలేదు.

నేను తల వంచుకుని ఆకు వేస్తూనే ఉన్నాను. నంజప్పే నవ్వి, "ఏమైతానమ్మా, నేను ఈళ్ళింట్లో కూలోణ్ణి" అన్నాడు.

"కూలోనికి నడింట్లో మంచమెవురేస్తారప్పా?" అంది చౌడమ్మ.

ఆనాటి నుంచి ఆయన నిజంగానే కూలివాడైపోయాడు. ఒక పళ్ళెంలో తిని ముసలివాళ్ళమైనాం, ఇప్పుడు వసారాలో వేరే తింటాడు. నన్ను 'యజమానీ' అని పిలుస్తాడు. పురుగుల కొట్టంలో పడుకుంటాడు. నా పరువు కాపాడుతున్నానని ఆయన లెక్క.

ఆయన కాళ్ళు వాచినాయని చింతామణి ఆస్పత్రికి తీసుకుపోయాను, నీకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికే. "నిద్రలో ఊపిరి ఆగుతుందా? పక్కన పడుకునేవాళ్ళు చూశారా?" అని అడిగింది. "నాకెవురుండారు మేడమ్, ఒక్కణ్ణే" అన్నాడు. నేను తలుపు దగ్గర యజమానిలాగే నిలబడ్డాను.

ఆగుతుందమ్మా. ఆగి, ఆగి, గుక్కపట్టినట్టు మళ్ళీ వస్తుంది. ఇప్పుడు తట్టి లేపేవాళ్ళు లేరు. నువ్వే చూసినట్టు డాక్టరమ్మకు చెప్పు. నా పేరు తేవద్దు.

నోరులేని నీ చిన్నాయన,
పాపన్న


చింతామణి,
శుక్రవారం

హేమా తల్లీ,

నంజప్పను ఇక్కడే చేర్చుకున్నారు. గుండె నీరసపడిందంట. నాకు భయం తీరలేదు.

"చూడనిది చూశానని నేనెట్లా చెప్పేది చిన్నాయనా, చూసినోళ్ళే చెప్పాల" అని నువ్వు బాగేపల్లి నుంచి ఫోన్‌లో అన్నప్పుడు కోపమొచ్చింది. అయినా ఆయన్ను బస్సెక్కించాను.

డాక్టరమ్మ మిగతా అందరినీ బయటికి పంపి తలుపు మూసింది. నేను ఏమవుతానని అడగలేదు. "రాత్రి ఈయన్ను ఎవరు చూసుకుంటారు?" అంది.

"నేను" అన్నాను.

"ఈయప్పకేం తెలుసు మేడమ్, యజమాని" అన్నాడు నంజప్ప, నా వైపు చూడకుండా.

"ఊపిరి ఎంతసేపు ఆగుతుంది?" అని ఆమె నన్నే అడిగింది. ముక్కు మూసుకుని, ఊపిరి బిగబట్టి చూపించాను. కళ్ళకు చీకట్లు కమ్మేదాకా బిగబట్టాను. డాక్టరమ్మ లేచొచ్చి నా భుజం పట్టుకుని, "చాలు, చాలు" అంది.

నంజప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నా ఊపిరి చూసుకుంటా ఇంతసేపు మేలుకోనుంటివా పాపన్నా, దినామూ?"

ఆయన మంచం పక్కనుంచే రాస్తున్న
నీ చిన్నాయన