తమరు బాగా పడిన షాటు గురించి

చలనచిత్రాల అనుమతి అధికారి గారికి,

అయ్యా,

విషయం: వీధి ఖాళీ చేయించిన షాటులో తమరి ముఖం మసక చేయనని తెలియజేయుట.

నల్లవాళ్ల వీధి అని మా వీధిని ఖాళీ చేయించిన రోజు మా అక్కను జుట్టు పట్టి సర్కారీ వ్యాను ఎక్కించింది తమరే. తెల్లవాళ్ల పాలన పోయింది, నల్లవాళ్లకు ఓటు వచ్చింది, తమరి కుర్చీ మాత్రం కదల్లేదు. ఆ దురాగతాల మీద నేను తీసిన డాక్యుమెంటరీకి అనుమతి ఇవ్వవలసినవారూ తమరే అయ్యారు.

1. సదరు షాటు నేను తీసినది కాదు. మమ్మల్ని వీధిలోంచి వెళ్లగొట్టడం ఘనకార్యమని తమరి ప్రభుత్వమే కెమెరా పెట్టి తీయించుకున్నది. తమరు ఒక చేత్తో టోపీ సర్దుకుని మరీ కెమెరా వైపు తిరిగారు. రెండో చేతిలో అక్క జుట్టు ఉంది.

2. అప్పటి సర్కారీ ల్యాబులో ఒక తెల్లమ్మాయి ఫొటో గోడకు పెట్టుకుని ఫిల్ము కడిగేవారు. ఆమె బుగ్గలు బాగా వస్తే రంగులన్నీ సరిపోయినట్టే. నల్లముఖాలు ఏమైపోయినా అడిగే దిక్కు లేదు. అందువల్ల తమరి తెల్లముఖం మీద మీసం వెంట్రుకతో సహా కనిపిస్తుంది. అక్క ముఖం ఒట్టి మరక.

3. అక్క మళ్లీ ఇంటికి రాలేదు. ఆ పాలనలో పోయినవారి కోసం ఇప్పుడు పెట్టిన మృతుల ఫలకం మీద ఆమె పేరు చెక్కమని అమ్మ పెట్టుకున్న దరఖాస్తును "ముఖం గుర్తించుటకు వీలులేదు" అని కొట్టేశారు. అదే షాటులో తమరి ముఖం "గుర్తించుటకు వీలుగా ఉన్నందున మసక చేయవలెను" అని నాకు నోటీసు పంపారు. రెండింటి కిందా సంతకం ఒక్కటే, తమరిది.

4. అనుమతి కోసం తమరికి సినిమా వేసి చూపిన ప్రివ్యూ గదిలో అమ్మ తెర దగ్గరికి వెళ్లి ఆ మరక మీద చెయ్యి వేసింది. "ఇదేరా నా పిల్ల. వాడి మణికట్టు ఎడంచేత్తో పట్టుకుంది చూడు. ఏది పట్టుకున్నా ఎడంచేత్తోనే."

"ఏం ముసలమ్మా, మరకలకి కూడా పేర్లు పెడతావా?" అని తమరు నవ్వారు.

అమ్మ వెనక్కి తిరిగి, "నువ్వు మాత్రం బాగా పడ్డావు నాయనా" అంది.

ఆ మాట పట్టుకునే ఈ అర్జీ. ఇన్నాళ్లూ న్యాయం అడిగాను, ఇప్పుడడిగేది పగ. పెద్దమనసు చేసుకోమని మాకు పత్రికల్లో బోధిస్తున్న పెద్దలు ముందు తమర్ని కుర్చీ దిగమనాలి. మమ్మల్ని చెరిపేసిన ల్యాబే తమర్ని పట్టిచ్చింది. ఆ ముఖాన్ని అక్కడే ఆపి తెర నిండా పెట్టాను. అనుమతి రాకపోతే తమరి ఆఫీసు ఎదుటి గోడ మీద వేస్తాను. ప్రొజెక్టరు నా సొంతం.

చిత్తగిస్తారో లేదో తమరి ఇష్టం. విధేయుడినని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఇట్లు,
ఆ మరకకు తమ్ముడు

జత చేసిన కోర్కెలు:

తమరి ముఖాన్ని ఉన్నది ఉన్నట్టు వదలాలి.

మొదటి ఆటకు వచ్చి ముందు వరసలో కూర్చోవాలి.

ఆ షాటు రాగానే లేచి, తమరి చేతిలో ఉన్న జుట్టు ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి.

ఆ పేరు ఫలకం మీద చెక్కించాలి.

వ్యాను ఎక్కడికి వెళ్లిందో మా అమ్మకు చెప్పాలి.