చేతులు ఒళ్లె పెట్టుకున్న పాప

చెల్లే,

నువ్వు పోయి ఇయ్యాల్టికి మూడేండ్లు. నీలాంటి ఆటిజం ఉన్న పిల్లలకు నేర్పే చదువని యూనివర్సిటీల బిహేవియర్ అనాలిసిస్‌ల చేరిన.

పొద్దున ప్రాక్టికల్స్‌కు మారేడ్‌పల్లిల థెరపీ సెంటర్‌కు పోయిన. అక్కడ ఆరేండ్ల పాప ఖుషీ అయితే అచ్చం నీ లెక్కనే చేతులు ఆడిస్తది. ఆడియ్యకుండ కూసున్నప్పుడల్లా బిస్కెట్ ముక్క ఇయ్యమన్నరు మా మేడమ్. ఇచ్చిన. కాసేపటికి చేతులు ఒళ్లె పెట్టుకున్నది.

"బస్సుల అందరు చూస్తరని భయముండె. ఇగ ధైర్యంగ తీస్కపోత," అని వాళ్లమ్మ ఏడ్చింది.

నేను సుత సంబురపడాలె గదా? చర్చిల నీ చేతులు ఆడకుండ గట్టిగ పట్టుకునేదాన్ని, యాదుందా? నువ్వు ఊకుండేదానివి. నీకు నచ్చిందనే అనుకున్న. ఇప్పుడేమో నిజంగ నచ్చిందో లేదో సమజైతలేదు.

వచ్చేముందు పాపకు టాటా చెప్పిన. చెయ్యి సగం లేపి ఆపేసింది. లేపాల్నా వద్దా అని నా దిక్కు చూసింది.