సున్నం గుర్తులు

మంగళవారం

యాచారం వైపు అడవిలో జరిగింది నా తప్పే. ఇక్కడైనా ఒప్పుకోవాలి.

ఇరుకుగా పెరిగిన సన్న చెట్లను కొట్టి, ఆ కట్టెను పొడి చేసి బాయిలర్లలో మండించే దిమ్మెలుగా అచ్చు వేసే మిల్లుకు పంపాలి. అప్పుడు ముదురు చెట్లకు నీరు, వెలుతురు అందుతాయి. ఉంచాల్సిన ముదురు చెట్లకు పోయిన వారం ఫారెస్ట్ గార్డుగా నేనే సున్నంతో గుర్తులు పెట్టాను. ఆ గుర్తు ఎందుకో కూలీలకు చెప్పకుండానే బంధువుల పెళ్లికని రెండు రోజులు సెలవు మీద వెళ్లాను.

ఈ పొద్దున వెళ్లేసరికి లారీ నిండా ముదురు తిరుమాను చెట్ల మొద్దులు. వాటి మీద సున్నం ఇంకా తెల్లగా ఉంది. సన్న చెట్లన్నీ అలాగే నిలబడి ఉన్నాయి. కూలీల ముఠా మేస్త్రి యాదమ్మ చెమట తుడుచుకుంటూ నవ్వింది.

"నువ్వు గుర్తు పెట్టినయన్ని కొట్టినం సారూ. ఒక్కటి గూడ ఇడ్వలే."

మధ్యాహ్నం మా రేంజర్ వచ్చి మండిపడ్డాడు.

"వీళ్లకు జెప్పలేదా నువ్వు?"

"చెప్పిన సార్," అన్నాను.

"ఎప్పుడు జెప్పినవ్ సారూ?" అంది యాదమ్మ. రేంజర్ వినిపించుకోలేదు. ముఠా మొత్తాన్ని పనిలోంచి తీసేశాడు.

వాళ్లు గొడ్డళ్లు మూటగట్టుకుని ఇబ్రహీంపట్నం ఆటో ఎక్కారు. యాదమ్మ నన్ను తిడుతుందనుకున్నాను.

"మళ్ల పనుంటే మమ్ముల్నే పిలువు సారూ," అంది.

తలూపాను.

రేపు రేంజర్‌కు నిజం చెప్పాలని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆటో కదిలినప్పుడు కూడా అలాగే అనుకున్నాను. రేంజర్ అప్పటికింకా అక్కడే ఉన్నాడు.