ఏ మందైనా మందే!

చిరంజీవి నర్సమ్మకు, పైపుల మామయ్య దీవించి రాయునది.

నువ్వు గుండె వార్డులో పనిచేస్తున్నావు గనక అడుగుతున్నాను. పోయినేడు నా గుండెనాళంలో పెట్టిన స్టెంట్ మళ్ళీ పూడుకుపోయిందట. డాక్టరుగారు రెండు దారులు చెప్పారు: పాతదాని లోపల కొత్త స్టెంట్, లేదంటే మందు పూసిన బెలూన్. పైపులో పైపు దూర్చడం చేతకాని ప్లంబరు చేసే పని. పోనీ బెలూనంటే, నేను మీ అత్తయ్య మీద ఒట్టేసి మందు మానేసినవాణ్ణి. ఏం చెయ్యను?

తా.క. బెలూన్ ఊదేది డాక్టరుగారేనా? ఆయన మెట్లెక్కితేనే రొప్పుతున్నారు.

*

మామయ్యకు మేనకోడలి నమస్కారాలు.

నోటితో ఊదరు మామయ్యా, పంపుతో ఉబ్బిస్తారు. అది పూడికను పక్కకు నొక్కి, గోడకు మందు అంటించి, బయటికొచ్చేస్తుంది. కొత్త స్టెంట్ కొందరికి ఎక్కువకాలం నిలుస్తుంది గానీ, మళ్ళీ పూడితే పొర మీద పొర. నీకు బెలూనే నయం. ఆ మందుకీ నీ ఒట్టుకీ సంబంధం లేదు.

నీ నర్సమ్మ

తా.క. నువ్వు మందు మానేశావని వార్డంతా గొప్పగా చెప్పుకున్నాను.

*

అమ్మా నర్సమ్మా,

ఏ మందైనా మందే, ఒట్టు ఒట్టే. తప్పితే మీ అత్తయ్యకేమైనా అయితే? పోనీ కొత్త స్టెంటే వేయమన్నాను. దానికీ మందు పూస్తారట! నేను పోయినా ఫరవాలేదు, ఆవిడ చల్లగా ఉండాలి.

ఇట్లు, మాట తప్పని మామయ్య

తా.క. మందు పూయని ఉత్త బెలూన్ దొరికితే రెండు తీసుకో. ఒకటి స్పేరు.

*

మొండి మామయ్యకు,

నీ ఉత్తరం చదివి డ్యూటీలోనే ఏడ్చాను. నువ్వు పోతే ఫరవాలేదని ఎవరన్నారు? ఒట్టు తీసి గట్టున పెట్టమని అత్తయ్యకు విడిగా రాశాను.

కోపంతో, నర్సమ్మ

తా.క. అప్పటికీ వినకపోతే నేనే వచ్చి నిన్ను స్ట్రెచర్‌కు కట్టేస్తాను.

*

బంగారుతల్లికి,

మీ అత్తయ్య ఒట్టు తీసి గట్టున పెట్టింది. బెలూన్ పని శుభ్రంగా అయిపోయింది. తర్వాత డాక్టరుగారు, "స్టెంట్ పెట్టాక మందు మానేశారా?" అనడిగారు. "ఆ రోజే మానేశానండీ, ఒక్క మాత్ర ముట్టుకుంటే ఒట్టు!" అన్నాను గర్వంగా. ఆయన తల పట్టుకున్నారు. మీ అత్తయ్య, "నేను మానమన్నది సీసా అండీ!" అని ఏడ్చింది.

మరి ఆ మాట అప్పుడే చెప్పాలిగా! సీసాని మేం ప్లంబర్లం ఎన్నడూ మందు అనలేదు. "ప్రెషర్ టెస్టు" అంటాం.

ఇట్లు, మాత్రలు మింగుతున్న మామయ్య

తా.క. ఈసారి మీ అత్తయ్య ఒట్టేమీ వేయించుకోలేదు. "మీరు పోతే నేనెవరితో పోట్లాడాలి?" అంది, అంతే. సీసాలన్నీ నేనే సింకులో ఒంపేశాను. ఆ పైపు మాత్రం తళతళలాడుతోంది.